మల్లేశన్న బాట

రాఘవేందర్ కల్లు తాగడానికి పోయి చనిపోలేదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు. అయినా పదకొండు రోజులు నోరు మూసుకుని తిరిగాను. సిగ్గులేని పని, అయినా చేశాను.

నా పేరు మల్లేశ్వర్. మాది తొండుపల్లి. ఇరవై రెండేళ్లుగా స్టీరింగ్ పట్టుకునే బతుకుతున్నాను. ఇప్పుడు గగన్‌పహాడ్‌లోని ఒక మందుల గోదాము నుంచి ఎయిర్‌పోర్ట్ కార్గోకు సరుకు తోలే డీసీఎం వ్యాను నడుపుతున్నాను. మా కంపెనీకి పద్దెనిమిది బండ్లు. ప్రతి బండిలో అద్దం పక్కన ఒక జీపీఎస్ డబ్బా ఉంటుంది. అందులోంచి ఒక ఆడగొంతు కుడికి తిరుగు, ఎడమకు తిరుగు అని హిందీలో చెబుతూ ఉంటుంది. మేమంతా ఆమెను మేడం అంటాం. ఇంట్లో పెళ్లాం మాట వినని మగవాళ్లు కూడా మేడం మాట జవదాటరు. దాటితే డబ్బా కీచుమంటుంది, ఆఫీసులో బండ్లన్నిటినీ కనిపెట్టే అరుణ్‌కుమార్ సారుకు తెలిసిపోతుంది, వెంటనే ఫోన్ వస్తుంది. బండి పది నిమిషాలు ఆగినా అంతే. కడుపునొప్పి వచ్చి ఆపినా సంజాయిషీ చెప్పుకోవాలి.

నాకు మాత్రం ఆమె అంటే మొదటినుంచీ చులకనే. నేను పుట్టి పెరిగిన చోట నాకు దారి చెప్పడానికి ఈమె ఎవరు? మా ఊరి వెనక వాగు దాటి ఒక మట్టిబాట పోతుంది. మా బాపు ఎడ్లబండి తోలిన బాట. వాగు మీద ఒక పాత కల్వర్టు ఉంది. మేడంకు ఆ బాట ఉన్నట్టే తెలియదు. ఒకరోజు హైవే మీద బండ్లు ఇరుక్కుపోతే, ఆమె గొంతు చించుకుంటుండగానే అటు దించాను. మిగతావాళ్లు గంటన్నరకు చేరితే నేను నలభై నిమిషాలకు చేరాను. తర్వాత నాలుగు రోజులు అదే పని. అరుణ్‌కుమార్ తిడతాడనుకుంటే పిలిచి కుర్చీ వేశాడు. "మీరు వెళ్లిన దారే ఇక నుంచి అందరికీ పెట్టేస్తున్నానండీ" అన్నాడు. ఆయనది భీమవరం వైపు, అండీ లేకుండా మాట రాదు.

కంప్యూటర్‌లో నా బండి నడిచిన దారి గీతను పద్దెనిమిది డబ్బాల్లోకీ ఎక్కించాడు. ఆ రోజు నుంచి మేడం కూడా నా బాటనే చెప్పడం మొదలుపెట్టింది. డ్రైవర్లు దానికి మల్లేశన్న బాట అని పేరు పెట్టారు. నేను ఉబ్బిపోయాను. మా సర్పంచ్ పేరు మీద కూడా రోడ్డు లేదు, నా పేరు మీద ఉంది అని ఇంట్లో నా భార్య నిర్మలతో పదిసార్లు చెప్పుకున్నాను. విని విని ఆమెకు విసుగొచ్చింది గానీ నాకు రాలేదు.

రాఘవేందర్ నాలుగు నెలల కిందట జగిత్యాల వైపు నుంచి వచ్చి మా దగ్గర చేరాడు. బుద్వేల్‌లో ఒక గది కిరాయికి తీసుకుని తల్లినీ భార్యనూ తెచ్చుకున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఇక్కడి దారులేవీ తెలియవు, మేడం చెప్పిందే వేదం. "నాకేం ఎరుకన్నా, నీ బాట పట్టుకొని పోతున్న" అని నవ్వేవాడు. ఆ మాట నాకు మహా ఇష్టంగా ఉండేది.

శ్రావణంలో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు నేను వాగు దగ్గరికి వెళ్లేసరికి కల్వర్టు మీదుగా నీళ్లు పారుతున్నాయి. మోకాలి లోతు కూడా ఉండవు. కొత్తవాడికైతే దాటేయొచ్చు అనిపిస్తుంది. నాకు ఆ వాగు చిన్నప్పటి నుంచీ తెలుసు. నడిమధ్యలో ఒకచోట నీళ్లు సుడి తిరుగుతున్నాయి. అంటే కింద కల్వర్టు సగం కూలిపోయిందన్నమాట. మెల్లగా బండి వెనక్కి తీసుకున్నాను.

రోడ్డు తెగితే మా డ్రైవర్లకు ఒక పద్ధతి ఉంది. ముందు చూసినవాడు దిగి, ఆకులున్న కొమ్మ ఒకటి విరిచి బాటకు అడ్డంగా వేసి, దాని మీద రెండు రాళ్లు పెట్టాలి. ఏ రాష్ట్రం డ్రైవరైనా దాన్ని చూస్తే ఆగుతాడు. పక్కనే వేపచెట్టు ఉంది. నేను దిగలేదు. వాన పడుతోందని, ఆలస్యమవుతుందని, డబ్బా కీచుమంటుందని అనుకున్నాను. అవన్నీ సాకులే. ఐదు నిమిషాల పని. అసలు సంగతి ఏమిటంటే, కొమ్మ వేస్తే బాట మూతపడినట్టే. కబురు ఆఫీసుకు చేరుతుంది, అరుణ్‌కుమార్ గీత తీసేస్తాడు, నా పేరూ దానితోపాటే పోతుంది. వాన తగ్గాక ఒక ట్రాక్టరు మొరం మట్టి నేనే పోయిస్తే సరిపోతుందనుకున్నాను. గీత తప్పి హైవే ఎక్కగానే ఆయన ఫోన్ చేశాడు. టైరు మీద అనుమానంగా ఉంది సార్, మంచి రోడ్డు మీద పోతున్నానని చెప్పాను. ఆయన నమ్మాడు.

నా తర్వాత అటు వచ్చిన మొదటి బండి రాఘవేందర్‌దే; నాలుగు గంటలకు మేడం చెప్పినట్టే ఆ బాటలో వెళ్లాడు. కల్వర్టు మీద ముందు చక్రం దిగబడి, బండి పక్కకు ఒరిగి వాగులో పడింది. అతను క్యాబిన్‌లోంచి బయటికి రాలేకపోయాడు.

మర్నాడు పొద్దున చూస్తే అన్ని డబ్బాల్లోంచీ నా బాట మాయమైంది. కంపెనీవాళ్లు పోలీసులకు ఒకటే మాట చెప్పారు. అది మేం చెప్పిన దారి కాదు, కల్లు కోసం డ్రైవరే పక్కదారి పట్టాడు. ఆ బాట చివర ఒక కల్లు దుకాణం ఉంది మరి. నిజం తెలిసిన డ్రైవర్లం పదిహేడు మందిమి తలలు దించుకున్నాం. పదహారు మందికి ఉద్యోగం పోతుందని భయం. నాకు ఆ భయంతోపాటు ఇంకొకటి కూడా ఉంది.

పదకొండో రోజు రాఘవేందర్ భార్య రేఖ నన్ను వెతుక్కుంటూ గోదాము గేటు దగ్గరికి వచ్చింది. ఆమె ఏడవలేదు. అత్త జంగమ్మ అన్నం ముట్టడం లేదని చెప్పింది. కల్లు మానేస్తానని రాఘవేందర్ నిరుడు ఎల్లమ్మ గుడిలో తల్లికి మాటిచ్చాడట. ఆ మాట తప్పి చచ్చాడని ముసలామె నమ్మింది. శవం మీద పడి ఏడవలేదు, వాడు నా కొడుకే కాదంటూ గోడ వైపు తిరిగి పడుకుంటోంది. తాగాడో లేదో తేల్చే దవాఖాన కాగితం రావడానికి నెల పడుతుందట. అప్పటిదాకా ఆమె బతికేలా లేదు.

"గా బాట సంగతి నీకే ఎరుక అంటున్నరన్నా," అన్నది రేఖ. "ఒక్కసారొచ్చి మా అత్తమ్మకు చెప్పు. ఆయన మాట తప్పలేదని చెప్పు. ఇగ నాకేం వద్దు."

లోడైన బండిని గేటు దగ్గరే వదిలేసి ఆమెతో ఆటో ఎక్కాను. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. బుద్వేల్ చేరేలోపు దాన్ని ఆపేశాను.

జంగమ్మ గోడకు ముఖం పెట్టి పడుకుని ఉంది. రేఖ లేపి కూర్చోబెట్టింది. నేను ఆమె ముందు కింద కూర్చుని డబ్బా గురించి, గీత గురించి, ఆఫీసువాళ్లు దాన్ని అన్ని బండ్లలోకీ ఎక్కించడం గురించి, తెల్లారి తీసేయడం గురించి చెప్పాను. పోలీసుల దగ్గరా ఇదే చెబుతానన్నాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. ఒకే ఒక్క మాట అడిగింది.

"నా కొడుకు కల్లుకు పోలేదా బిడ్డా?"

"పోలేదమ్మా. డ్యూటీ మీదనే పోయిండు. రోజూ మేమందరం పోయే బాటనే."

అప్పుడు ఏడ్చింది. పదకొండు రోజుల ఏడుపంతా ఒక్కసారే ఏడ్చింది. నిన్ను తిట్టుకుంటి గదరా కొడకా అని గుండెలు బాదుకుంది. రేఖ ఆమెను పట్టుకుని తానూ ఏడ్చింది. కొంతసేపటికి జంగమ్మ నన్ను దగ్గరికి లాక్కుని నా తల మీద చెయ్యి పెట్టింది. నా కొడుకును నాకు తెచ్చిస్తివి, సల్లగుండు బిడ్డా అన్నది.

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. వాగులో సుడి చూసింది నేనొక్కడినే, అడిగేవాడు లేడు. కానీ నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. ఆ చేతి కింద తల పెట్టుకుని ఎలా కూర్చున్నానా అనిపించింది.

"ఇంకో మాట ఉన్నదమ్మా," అన్నాను. "కల్వర్టు కూలిందని నేను ముందే చూసిన. రెండు గంటల ముందు. ఎవ్వరికీ చెప్పలే."

రేఖ తలెత్తి నన్ను చూసింది. ఎందుకు చెప్పలేదని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, నా పేరు కోసం అని చెప్పాల్సి వచ్చేది. జంగమ్మ ఏడుపు ఆగిపోయింది. తర్వాత నా తల మీది నుంచి చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.