పన్నెండు రేకుల పువ్వు

మడతమ్మ అన్న పేరు ఆమెకు ప్రెస్సులో పడింది. ఇరవై రెండేళ్లు అచ్చు కాగితాలు మడిచి, కుట్టి, అంటించిన చేతులు ఆమెవి. ప్రెస్సు మూతపడ్డాక ఆ చేతులు ఊరుకోలేదు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని కాగితం పూలు చేయసాగింది.

సరుకు కోసం ఆమె దుకాణం మెట్లెక్కేది కాదు. చెప్పుల కొట్టువాళ్లు పెట్టెల్లోంచి తీసి పారేసే పల్చటి కాగితం అడిగి తెచ్చుకునేది. బీట్‌రూట్ ఉడికిన నీళ్లలో ముంచితే గులాబీ రంగు, ఉల్లిపొట్టు నీళ్లలో ముంచితే తేనెరంగు. ఆరిన కాగితం మీద కాసిని నీళ్లు చిలకరించి, విరిగిన గొడుగు కర్రకు చుట్టి, రెండు కొసల నుంచీ లోపలికి నెట్టేది. మళ్లీ ఆరాక విప్పితే సన్నని ముడతలు పడి ఉండేవి. లాగితే సాగేది. మడిచిన తువ్వాలు మీద రేకు పెట్టి చెంచా వెనకవైపుతో నొక్కితే గుంట పడేది. గొడుగు ఊచలే కాడలు.

వీధిలో వాళ్లకు అదంతా పిల్లలాట.

"ఏం మడతమ్మా, ఇవాళ నీ తోటలో ఎన్ని పూశాయి?" అని నవ్వుకుంటూ పోయేవాళ్లు.

ఆమె తలెత్తేది కాదు. గుమ్మంలో కూచున్న అత్తగారే అందుకునేది. "పూసేవి పూశాయిలే. నీ మొహం చూసి వాడిపోకుండా ఉంటే చాలు. పో, పో."

ఒక సోమవారం నాటకశాల నుంచి సామాన్ల మేష్టరు వచ్చాడు. రంగస్థలం మీదికి కుర్చీ దగ్గర్నుంచి కత్తి దాకా సమకూర్చేది ఆయనే. బక్కపలచటి మనిషి, చెవి మీద పెన్సిలు.

"ఒక్క పువ్వు కావాలమ్మా. రాణి చేతిలో ఉంటుంది. దూత పన్నెండు ప్రశ్నలు వేస్తాడు. ఒక్కో ప్రశ్నకీ 'లేదు' అంటూ ఒక్కో రేకు లాగి పడేస్తుంది. పన్నెండోది పడ్డాక వట్టి కాడ వంక చూసుకుని, అప్పుడు 'అవును' అంటుంది. నాటకమంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది."

"నిజం పువ్వు ఇవ్వకూడదూ?" అంది అత్తగారు.

"ఇచ్చి చూశాం పెద్దమ్మా. దానికి లెక్కేం తెలుసు? ఒకసారి లాగితే నాలుగొస్తాయి, ఇంకోసారి సగం చిరుగుతుంది. పైగా ఆ దీపాల వేడికి రాణి కంటే ముందు అదే తల వాల్చేస్తుంది."

ఆయన గోడకు వేలాడుతున్న పూలను ఒక్కొక్కటే చూశాడు. "ఇది కుదిరిందా, ఈ నాటకానికీ ఇకపై వచ్చేవాటికీ పూలన్నీ మీవే. కుదరలేదా, ప్లాస్టిక్ పూలవాడు నా వెంట పడుతూనే ఉన్నాడు. శనివారం సాయంత్రం మొదటి ఆట."

"చేస్తాను" అంది మడతమ్మ.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అత్తగారు ఆగింది. "అంత పొడుగ్గా మాట్లాడితే గొంతు నొప్పెడుతుందేమోనే" అంది.

బుధవారం సాధన జరిగే వేళకు పువ్వు తీసుకెళ్లింది. అలవాటు ప్రకారం రేకులను దారంతో బిగించి కట్టింది. అందంలో ఎవరూ వంక పెట్టలేదు. దూత మొదటి ప్రశ్న వేశాడు. రాణి వేషం కట్టిన అమ్మాయి "లేదు" అని రేకు లాగింది. రేకు రాలేదు. గట్టిగా లాగింది. పువ్వు మొత్తం కాడ నుంచి ఊడి దూత కాళ్ల దగ్గర పడింది.

"మహారాణీ, అడిగింది ఒక్క ప్రశ్నే! అప్పుడే తల తీసేశారా?" అన్నాడు దూత.

అందరూ పగలబడి నవ్వారు. మేష్టరు ఒక్కడే నవ్వలేదు. మడతమ్మకు ఆ నవ్వుల కంటే ఆయన నవ్వకపోవడమే గుచ్చుకుంది.

ఇంటికొచ్చి బల్ల ముందు కూలబడింది. "ఊడకుండా అంటించడమే నా జన్మంతా నేర్చుకున్నాను అత్తయ్యా. ఊడేలా ఎలా చేస్తారో నాకు తెలీదు."

"నీకు తెలీకపోవడమేంటే? మొన్న అతికించిన నా చెప్పు నిన్ననే ఊడింది."

గురువారం మైదా జిగురు నీళ్లలా పల్చగా కాచింది. ఒక్కో రేకుకూ ఆవగింజంత చుక్క పెట్టింది. బల్ల మీద లాగి చూస్తే ఎంచక్కా వచ్చింది. ప్రాణం కుదుటపడింది. కానీ నాటకశాలలో దీపాలు వెలిగిన కాసేపటికే ఆ పల్చటి జిగురు గుడ్డు పెంకులా ఎండి పగిలింది. దూత ఇంకా దండం పెడుతూనే ఉన్నాడు; ఐదు రేకులు నేల మీదున్నాయి.

"అక్కా, నేనింకా నోరే తెరవలేదు. ఈ పువ్వు నా జవాబులన్నీ చెప్పేస్తోంది" అంది రాణి.

ఈసారి మేష్టరు చెవి మీది పెన్సిలు తీశాడు. "రేపు మధ్యాహ్నం దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత ప్లాస్టిక్ వాడికి కబురు పెట్టక తప్పదు. రేకులు లాగే ముచ్చట తీసేసి, పువ్వును చేత్తో తిప్పుతూ నిలబడమంటాం. ఏం చేస్తాం!"

శుక్రవారం పొద్దున మడతమ్మ బల్ల దగ్గరికి పోలేదు. అన్నం గిన్నె తోముతూ కూచుంది. తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది. అత్తగారు కొట్లోంచి తేవలసినవి రాసుకోవడానికని రాత ప్యాడ్ తీసి, పై కాగితం లాగింది. చిన్న చప్పుడు. కాగితం శుభ్రంగా చేతిలోకి వచ్చింది.

మడతమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. లేచి వచ్చి, తడి చేత్తోనే ప్యాడ్ లాక్కుంది. తలకిందులు చేసి దులిపింది. ఒక్క కాగితం కదల్లేదు. రెండు వేళ్లతో లాగింది. ఒక్కటే వచ్చింది.

ఇలాంటి ప్యాడ్లు ఆమె ఎన్ని వేలు చేసి ఉంటుందో! కాగితాలు దొంతి పెట్టి, అంచుల మీద మాత్రమే బంక పూసి, వెనక గుడ్డ పట్టీ వేసేవాళ్లు. కాగితం ముఖానికి బంక తగలదు, అంచుకే. ఆ బంక ఎండి పగలకుండా ప్రెస్సులో ముసలి బైండరు అందులో చక్కెర పాకం కలిపేవాడు. అప్పట్లో అది ఆమెకు అంటించే పనిలాగే తోచలేదు.

"అత్తయ్యా, చక్కెర డబ్బా ఎక్కడ?"

"ఇందాకేగా టీ తాగావు!"

"పువ్వుకి."

"పువ్వుకి టీ పోస్తావా? నీకేమైనా..." అంటూనే అత్తగారు డబ్బా అందించింది.

బంక కరిగించి పాకం కలిపింది. పల్చటి రేకు అంచు మీద బంక నిలవదు కాబట్టి, ప్రతి రేకు అడుగునా గోరంత వెడల్పున మూడు మడతలు వేసి బద్దతో నొక్కింది. అడుగు అట్టముక్కలా గట్టిపడింది. ఊచ కొసకు గుడ్డ పట్టీ చుట్టి, లోపలి రేకుల నుంచి మొదలుపెట్టి పన్నెండింటినీ అడుగు అంచులకే బంక రాసి నిలబెట్టింది. కిటికీలో ఆరబెట్టింది. ఆరాక పొయ్యి సెగకు పట్టింది. విదిలించింది. ఏదీ రాలలేదు.

"మీరు రాణి, అత్తయ్యా. నేను దూతని."

అత్తగారు కుర్చీలో నిటారుగా కూచుని, కొంగు సర్దుకుని, గడ్డం పైకెత్తింది.

"మోకాళ్ల నొప్పి తగ్గిందా మహారాణీ?"

"లేదు." ఒక రేకు.

"డాక్టరు చెప్పినట్టు నడుస్తున్నారా?"

"లేదు."

"పక్కింటావిడతో మాటలు కలిశాయా?"

"లేదు గాక లేదు!" విసురుగా లాగింది. అయినా ఒక్కటే వచ్చింది.

అలా పదకొండు అయ్యాయి. ఇంకో ప్రశ్న తోచక మడతమ్మ తడుముకుంది. "మీ కోడలు పనికొచ్చే మనిషేనా?"

"లేదు" అని పన్నెండో రేకు లాగి పడేసింది అత్తగారు. వట్టి కాడ వంక కాసేపు చూసింది. "అవును" అంది. వెంటనే గొంతు మార్చి, "ఇంకా కూచున్నావేంటే? మధ్యాహ్నం కావస్తోంది, ఇంకోటి చెయ్!" అని కసిరింది.

ఆ రెండో పువ్వును మధ్యాహ్నం మేష్టరు స్వయంగా దీపాల కింద పట్టుకుని పరీక్షించాడు. పన్నెండూ వచ్చాయి. "రేపటి ఆటకి ఒకటి" అన్నాడు. ఆట గడిచేదాకా ఇంకో మాట ఇవ్వడని ఆమెకు అర్థమైంది.

శనివారం హాలు నిండింది. అత్తగారిని మూడో వరసలో కూచోబెట్టి, మడతమ్మ తెర పక్కన నిలబడింది. రాణి అరచేతులు చెమటతో తడిసి ఉండటం చూసింది. తడి తగిలితే పాకం జిగట పడుతుంది. "కాడ పట్టుకో, రేకు అడుగు ముట్టుకోకు" అని చెప్పేలోపే ఆ అమ్మాయి వెలుగులోకి వెళ్లిపోయింది.

లేదు. లేదు. రేకులు ఒక్కొక్కటే తిరుగుతూ దిగుతున్నాయి. మడతమ్మ పెదాలు లెక్కపెడుతున్నాయి. తొమ్మిది. పదోది ఊడింది గాని పడలేదు. రాణి చూపుడు వేలికి అంటుకుపోయింది. ఆ అమ్మాయి వేలిని పెదాల దగ్గరికి తెచ్చుకుని, నెమ్మదిగా ఊదింది. రేకు గాల్లో రెండు చుట్లు తిరిగి దూత భుజం మీద వాలింది. ఎవరో నిట్టూర్చారు. అది నాటకంలో ఉన్నదే అనుకున్నారంతా.

పదకొండు. పన్నెండు. వట్టి కాడ.

"అవును" అంది రాణి.

చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు. తెర పక్కన మడతమ్మ కూడా కొట్టింది, బంక మరకల చేతులతో, అరచేతులు మండేదాకా.

జనం లేస్తుండగా, మూడో వరస వెనక ఒకాయన పక్కవాడితో అన్నాడు. "నిజం గులాబీ కాకపోతే అంత సుకుమారంగా రాలుతుందా? నాకు ఇక్కడిదాకా వాసనొచ్చింది."

అత్తగారు వెనక్కి తిరిగింది. "అది బీట్‌రూట్ వాసన నాయనా. చేసింది మా కోడలు. కావాలంటే ఇంటికి రా, ముక్కు దగ్గర పెట్టి చూపిస్తాను."

మేష్టరు రంగస్థలం మీద వంగి రేకులు తనే ఏరాడు. పన్నెండూ దొరికాకే లేచి మడతమ్మ దగ్గరికి వచ్చాడు.

"ప్లాస్టిక్ వాడికి వద్దని చెప్పేస్తున్నానమ్మా. వచ్చే నాటకంలో రాజుగారి తోట ఉంది. అరవై పూలు కావాలి."

మడతమ్మ రేకులు అందుకుని, ఏ మడతా చెదరలేదని చూసుకుంది.

"ఊడేవా, ఊడనివా?" అని అడిగింది.