మీటరు సున్నా చూపించింది

అన్నయ్యా నేనూ కలిసి గామా కిరణాలను కొలిచే మీటర్లు తయారుచేస్తాం. కిరణం తగిలినప్పుడల్లా లోపలి స్ఫటికంలో చిటికెడు కరెంటు పుడుతుంది. స్ఫటికాన్ని బిగించేది అన్నయ్య. ఆ చిటికెడు కరెంటును పెంచి లెక్కపెట్టే బోర్డు నాది.

ఆ బోర్డు నన్ను నెలల తరబడి ఏడిపించింది. కిరణాలు లేకపోయినా ఉత్తుత్తి లెక్కలు చూపించేది. "అచ్చం నీలాగే, ఊరికే వాగుతోంది" అనేవాడు అన్నయ్య. చివరికి దాని నోరు మూయించి పరీక్షకు పెట్టాను.

సీసం పెట్టెలోంచి ఉక్కు తీగ ఒకటి, చివరన రేడియేషన్ గుళికతో, లోపలి గదిలో ఉన్న మీటరు వైపు వెళ్తుంది. మేం బయటి గదిలో తెర ముందున్నాం. గుళిక రాగానే అంకె వేలల్లోకి ఎగబాకింది. పనయ్యాక, వెనక్కి లాగే బటన్ నొక్కాను. మోటారు తిరిగింది, పచ్చలైటు వెలిగింది, అంకె సున్నాకు పడిపోయింది.

"చూశావా, కిక్కురుమనడం లేదు" అన్నాను.

"కాస్త నేల మీద నడువు తల్లీ" అంటూ అన్నయ్య కోటు కుర్చీకి తగిలించి, మీటరు స్టాండు సరిచేయడానికి లోపలికి వెళ్ళాడు.

నా ఘనకార్యాన్ని ఇంకాస్త చూసుకుని మురిసిపోదామని బోర్డులోని కరెంటును గీతగా గీసి చూపే ఆసిలోస్కోప్ వైపు తిరిగాను. అడుగున ఉండాల్సిన గీత దాని తెర పై అంచుకు అతుక్కుపోయి ఉంది.

గోడల్లోంచి, నేలలోంచి ఎప్పుడూ కొన్ని కిరణాలు వస్తూనే ఉంటాయి. బాగున్న మీటరు సున్నా చూపించదు. లెక్కకు మించి మీదపడితే ఊపిరి సలపక, నా బోర్డు అసలేమీ లేదని చెబుతోంది. తీగ ఒక్కటే వెనక్కి వెళ్ళింది. గుళిక మీటరు పక్కనే ఊడిపడింది.

"అన్నయ్యా, బయటికొచ్చెయ్. ఇప్పుడే."

"ఆగవే. స్టాండు కింద ఏదో బోల్టు ఊడిపడింది." గుమ్మంలోకి వచ్చాడు. రెండు వేళ్ళ మధ్య మెరుస్తున్న ముక్క. "ఇదెక్కడిదే?"

"లోపలికి విసిరెయ్" అని అరిచాను. విసిరేశాడు. చొక్కా పట్టుకుని ఇవతలికి లాగి తలుపు మూశాను. నా మొహం చూసి అతనికి విషయం అర్థమైంది. వేళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నొప్పేం లేదే" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

ఎంత రేడియేషన్ తగిలిందని ఆసుపత్రిలో డాక్టరు ముందుగా అడిగాడు. ఒంటికి తగిలింది కొలిచే బ్యాడ్జీ కోటుకుంది, కోటేమో కుర్చీకుంది. గదిలో అన్నయ్యతో ఉన్నది నా మీటరొక్కటే.

పరిగెత్తుకొచ్చిన వదిన నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చేసిన మీటరే కదమ్మా. ఎంత చూపించింది? నాకు దాచకుండా చెప్పు."

"సున్నా, వదినా."

"అమ్మయ్య" అంటూ వదిన కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుని నవ్వింది.