మరిది ఉన్న సెక్షన్

ప్రభుత్వానికి అంబులెన్సులు తయారుచేసి ఇచ్చే కంపెనీలో ఆమె ఫైనాన్షియల్ అనలిస్టు. కాంట్రాక్టు ఖర్చు చివరికి ఎంత తేలుతుందో ముందే చెప్పడం ఆమె పని. మొహమాటం లేకుండా చెబుతుందని తోటివాళ్లు చాటున ‘కత్తెర’ అనేవారు. ఆ పేరు చెవిన పడితే కోపం నటించేది గానీ, లోలోపల మురిసిపోయేది.

ఆ ఏడు ఇనుము ధర పెరిగి ఖర్చు హద్దు దాటింది. ప్రభుత్వం పైసా కూడా పెంచనంది. మేనేజరు ఆమెను పిలిచాడు.

"ఒక సెక్షన్ మూసెయ్యాలి. పెయింటింగా, టెస్టింగా?"

పెయింటింగ్ బయట చేయించుకుంటే చవకని ఆమెకు తెలుసు. కానీ టెస్టింగ్‌లో ఆమె చెల్లెలి భర్త ఉన్నాడు. ఆ ఉద్యోగం తనే వేయించింది. పెయింటింగ్ అంటే, మరిదిని కాపాడుకుందని అందరూ చెవులు కొరుక్కుంటారు.

"టెస్టింగ్," అంది.

మేనేజరు కళ్లజోడు తీశాడు. "నేను పెయింటింగ్ అనుకున్నాను. సరే, మీరు చెప్పాక తిరుగేముంది."

అప్పుడైనా మాట మార్చుకోవచ్చు. మార్చుకోలేదు.

ఉత్తర్వు వచ్చిన సాయంత్రం చెల్లెలు పరుగున వచ్చింది. "అక్కా, నువ్వొక్క మాట చెబితే వింటారే."

"అంతా పైవాళ్ల నిర్ణయం. నా చేతిలో ఏముంది?"

వెనకే వచ్చిన మరిది పెళ్లాన్ని కసిరాడు. "వదిన్ని ఇరకాటంలో పెట్టకు. తను మాత్రం ఏం చేస్తుంది పాపం."

కాఫీ పెడతానంటూ ఆమె వంటింట్లోకి వెళ్లింది.

ఆఖరి రోజు మేనేజరు అందరినీ షెడ్డులోకి పిలిచాడు. వెళ్లేవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలిగా. "మీలో ఒకాయన మన అనలిస్టుగారి సొంత మరిది. అయినా ఈ సెక్షన్ తీసెయ్యమని ఆవిడే చెప్పారు. నిజాయితీ అంటే అదీ," అంటూ చప్పట్లు మొదలుపెట్టాడు. తలా కాస్త కొట్టారు. ఏం వింటున్నాడో ఇంకా బుర్రకెక్కని మరిది కూడా కొట్టాడు.

గేటు దగ్గర ఆమె కోసం ఆగాడు.

"మేమే ఎందుకు వదినా?"

"నీ కోసం చేశానని నన్ను వేలెత్తి చూపుతారని..."

"ఇక చూపరులెండి," అని బస్సు ఎక్కేశాడు.

నెల తిరక్కుండానే చెల్లెలి కుటుంబం ఇల్లు మారింది. కొత్త అడ్రసు అక్కకు చెప్పనని తల్లి చేత ఒట్టు వేయించుకున్నారు. మేనేజరు మాత్రం తర్వాతి కాంట్రాక్టు కూడా ఆమెకే అప్పగించాడు.

"స్టోర్స్‌లో మనుషులు ఎక్కువున్నట్టుంది. మీరొకసారి చూడండి," అన్నాడు.

చూస్తానంది.