పిల్లిగద్ద కాలి కడియం

ఆ చలికాలం అక్సా ప్రాణమంతా ఒక గద్ద కాలి మీదే ఉంది. నవ్వకండి. మరాఠీ నేల మీది లాల్‌పేట్ బొగ్గుగనుల వెనకున్న గడ్డిమైదానం మిగులుతుందా, మట్టి కింద పోతుందా అన్నది ఆ కాలిని బట్టే తేలాలి.

ఎక్కడో కజకిస్తాన్‌లో ఎవరో మహానుభావులు ఒక పిల్లిగద్దను పట్టి, కాలికి తెల్ల ప్లాస్టిక్ కడియం తొడిగి, దాని మీద కె-7 అని రాసి వదిలారు. అది రెండు చలికాలాలు ఈ గడ్డికే వచ్చి, మిగతా గద్దలతో పాటు నేల మీదే పడుకుంది. పక్షుల రాకపోకలు నమోదు చేసే ఉద్యోగం అక్సాది. రెండేళ్లూ ఆ కడియాన్ని దుర్భిణిలో చదివింది. ఈ ఏడు గని వాళ్లు తవ్విన మట్టి పోసుకోవడానికి ఆ జాగా అడిగారు. అటవీ ఆఫీసులో వైశాలి మేడమ్ మంచి మనిషే, కానీ కాగితం లేనిదే కదలదు. "ఏదో ఒక గద్ద అంటే కాదు. అదే గద్ద మూడో ఏడూ వచ్చిందని ఫొటో తీసుకురా. సోమవారం మీటింగ్‌లో పెట్టి ఆపిస్తా" అంది మరాఠీలో.

ఫొటో అంటే మాటలా? ఎగిరేటప్పుడు గద్ద కాళ్లు కడుపులో దాచుకుంటుంది. దిగేటప్పుడు ఒక్క క్షణం చాపి గడ్డిలో మునిగిపోతుంది. ఇరవై రెండు సాయంత్రాలు అక్సా ముళ్లకంపల మధ్య బోర్లా పడుకుంది. ఒళ్లు గీరుకుపోయింది తప్ప కె-7 జాడ లేదు.

శనివారం పొద్దున ఆమె తండ్రి సాలోమోను మేకలను తోలుకుని ఇంటికొచ్చాడు. ముప్పై రెండేళ్లు బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. ముఖం వెలిగిపోతోంది.

"బిడ్డా, గడ్డి కాడ తుమ్మకంపల ఒక గద్ద చిక్కింది. పతంగి మాంజా రెక్కకు సుట్టుకున్నది. మెల్లగ ఇడిపిచ్చిన."

అక్సా చాయ్ గ్లాసు కింద పెట్టింది. "కాలు చూసినవా బాపూ?"

"సూడకేంది. ఎవడో పాపిష్టోడు కాలుకు బేడి ఏసిండు, దాని మీద నెంబరు గూడ. నా గని బిళ్ల యాదికొచ్చింది. పటకారుతోటి కత్తిరిచ్చి, ప్రార్థన చేసి వదిలిన. గిట్ల లేసి గట్ల ఎగిరిపోయింది."

జేబులోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. రెండు ముక్కలైన తెల్ల కడియం. కలిపి చూస్తే కె-7.

అక్సాకు తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. ఎవరిని తిట్టాలి? రెండేళ్లుగా ఆ కడియం కోసమే తిరుగుతూ, దాని సంగతి కన్నతండ్రికి ఒక్కనాడూ చెప్పిన పాపాన పోలేదు. గద్దలను చూడ్డానికి పోతుందని తప్ప ఆయనకేమీ తెలియదు. ఇప్పుడు కూర్చోబెట్టి అంతా చెప్పింది.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన కూడా ఆఫీసుకు వచ్చాడు. అది బతికే ఉందని, ఈ చేతులతోనే వదిలానని వచ్చీరాని మరాఠీలో మూడుసార్లు చెప్పాడు. వైశాలి మేడమ్ ముక్కలను అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాకా, మీ మాట నేను నమ్ముతా. మీటింగ్ నమ్మదు. కడియం ఒక్కటే దొరికితే పక్షి చచ్చిపోయిందనే రాసుకుంటారు. పోయినేడే చచ్చిందేమో అంటే నేనేం చెప్పను?"

సాలోమోను ఆ ముక్కలను తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. గనిలోకి దిగేవాడు తన నెంబరు బిళ్లను దీపాలిచ్చే ల్యాంప్‌రూమ్ కొక్కేనికి తగిలించి దిగుతాడు, పైకొచ్చి తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా కొక్కేనికి బిళ్ల మిగిలిందంటే గేటు దగ్గర ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టేవారు. ఈ లెక్క ఆయనకు ఒకరు నేర్పక్కర్లేదు.

మధ్యాహ్నానికల్లా జాగా మట్టికి ఇచ్చేశారు. బుధవారం నుంచి లారీలు.

ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్లు గడ్డి అంచున కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా తొమ్మిది పిల్లిగద్దలు వచ్చి తిరగసాగాయి. సాలోమోను మొదటిసారి దుర్భిణి అడిగి తీసుకున్నాడు.

"గిండ్ల మనది ఏది బిడ్డా?"

"ఏమో బాపూ."

"కాలుకు ఏం లేనిది మనదే గద."

గద్దలు ఒక్కొక్కటే కాళ్లు చాపి గడ్డిలోకి దిగుతుంటే ఆయన ప్రతిదాన్నీ చూశాడు. తొమ్మిదింటిలో ఏ ఒక్కదాని కాలికీ ఏమీ లేదు.