పంతులని పిలవకండి

1948 నవంబరు 9, మంగళవారం. ఉదయం ఎనిమిదింటికి మిలిటరీ లారీ కేతేపల్లి అవతలి ఊళ్లోకి వచ్చింది. జమాదారు వెంట వచ్చిన గుమాస్తా చావడి ముందు నిలబడి అడిగాడు: "ఈ ఊళ్లో పంతులెవరు?"



ఊళ్లో పంతులంటే ఐలేశం. దొరల మీద పోరాడే కమ్యూనిస్టుల సంఘం నడిపిన బడిలో అక్షరాలు నేర్చాడు, తర్వాత నలుగురికీ నేర్పాడు. ఎవరికి ఉత్తరం వచ్చినా అతనే చదవాలి. మొదటిసారి గుర్వమ్మ అలా పిలిచినప్పుడు సిగ్గుపడ్డాడు.

"పండితులు అనే మాటే జనం నోట్ల నలిగి పంతులైందంట అవ్వా. శాస్త్రాలు చదివినోళ్లను పిలిచే మాట. నేను నాగలి దున్నెటోన్ని."

"షోలాపూర్ కెళ్లి నా తమ్ముడు రాసిన ఉత్తరం నువ్వు చదివినవా, శాస్త్రాలు చదివినోడు చదివిండా?" అంది గుర్వమ్మ. ఆ పేరే నిలిచింది.

పక్క ఊళ్లో సంఘం బడి చెప్పినతన్ని మిలిటరీవాళ్లు పట్టుకుపోయారని ఆదివారం తెలిసింది. అప్పటినుంచి ఐలేశం భార్య ఉప్పలమ్మకు అన్నం సయించలేదు. ఇల్లిల్లూ తిరిగింది. "మీ కాల్మొక్త, ఇగ పేరు పెట్టి పిలువుండ్రి."

"నోటికి అలవాటైంది వదినె," అన్నాడు లచ్చయ్య. "ఎద్దును అదిలిచ్చినా పంతులనే వస్తది."

"నవ్వులాట గాదు లచ్చయ్యా. పట్కపోతరు."

లచ్చయ్య నవ్వు ఆపాడు. సోమవారం పొద్దుగూకేసరికి పిల్లలు కూడా ఐలేశన్న అంటున్నారు.

మంగళవారం చావడి ముందు గుమాస్తా ఆ మాటే మూడుసార్లు అడిగాడు. తర్వాత జేబులోంచి కాగితం తీశాడు.

"నల్గొండ జైల్లోంచి విడిచిపెట్టేవాళ్ల పేర్లు. తెలుగులోనే ఉన్నయి. చూసుకోండి."

గుర్వమ్మ కొడుకు గోపయ్య జైలుకు పోయి నెల. ఆమె ముందుకొచ్చి కాగితం అందుకుంది. ఆమెను ఆపాలని ఉప్పలమ్మ జనాన్ని తోసుకుంటూ కదిలింది. చేరలేకపోయింది. కాగితం వచ్చిన ప్రతిసారీ నడిచినట్టే గుర్వమ్మ నేరుగా నడిచి, ఐలేశం చేతిలో పెట్టింది.

"జర చూడు బిడ్డా. మావోడున్నడా?"

ఉప్పలమ్మ తల అడ్డంగా ఊపింది. జమాదారు చూస్తున్నాడు. ఐలేశం భార్యను చూశాడు, కాగితాన్ని చూశాడు. గుర్వమ్మ అతని మోచేయి పట్టుకుని ఉంది.

చదివాడు. ఏడు పేర్లు. నాలుగోది గోపయ్యది.

తొమ్మిదిన్నరకు లారీ ఐలేశాన్ని ఎక్కించుకుని నల్గొండ వైపు వెళ్లింది.

గోపయ్య శనివారం ఊరు చేరాడు. శుక్రవారం దాకా జైల్లోనే ఉన్నా అక్కడ ఐలేశాన్ని చూడలేదని ఉప్పలమ్మకు చెప్పాడు.