కొడుకు కంటే ముందు

మరైగూడలో ద్రాక్షతోట చూసినవాళ్ళు ఎవరున్నారు గనక? అందుకే ఆదివారం ప్రార్థనలో వాక్యం చెప్పే తిరుపతమ్మ, కల్లంటే గిట్టకపోయినా, యేసు చెప్పిన కథలోని ద్రాక్షతోటను తాటితోపు చేసేసింది. యజమాని తోపును కౌలుకిచ్చాడు. తన వంతు కోసం మనిషిని పంపితే కౌలుదారులు తన్నారు. ఇంకొకణ్ణి పంపితే తల పగలగొట్టారు.

వెనక వరసలో హుంగేకి ఒళ్ళు మండిపోయింది. అచ్చం తన కథే మరి. పెనిమిటి పోయాక, ఆమె తోపులో తాటిచెట్లు గీసే లచ్చు, వంతుగా ఇవ్వాల్సిన కల్లుకుండ ఎగ్గొట్టాడు. మరిదిని పంపితే బూతులు తిట్టాడు. తమ్ముణ్ణి పంపితే కర్రతో బాదాడు. ఈసారి వచ్చినవాణ్ణి నరుకుతానన్నాడు. ఆ మాట విని, జగదల్‌పూర్‌లో ఆటో నడిపే కొడుకు ఉంగ తేల్చుకోవడానికి రేపటి బస్సుకు వస్తున్నాడు.

"చివరికి, 'నా కొడుకునైనా గౌరవిస్తారు' అనుకుని కొడుకుని పంపాడు," అంది తిరుపతమ్మ.

హుంగే లేచి నిలబడింది. "వానికి బుద్ధున్నదా? కొడుకుని పంపేముందు తాను పోవద్దా?"

"కూర్చో పిన్నీ, ఇంకా ఉంది."

కూర్చుంటే హుంగే ఎందుకవుతుంది? ఇంటికెళ్ళి కల్లు పోసుకునే సొరబుర్ర భుజాన వేసుకుని నేరుగా తోపుకు నడిచింది. వరసకు అల్లుడయ్యే లచ్చు చెట్టు మీదున్నాడు. ఆమె చెట్టు మొదట్లో చతికిలబడింది.

"దిగు అల్లుడా. నరికేదుంటే నన్ను నరుకు. రేపు ఉంగ వస్తుండు, వాణ్ణి ముట్టకు."

లచ్చు గీత కత్తిని నడుముకు దోపుకుని కిందికి తొంగిచూశాడు.

"ఇన్నాళ్ళకు యాదికొచ్చిన్నా అత్తా?" అన్నాడు లచ్చు. "మామ ఉన్నప్పుడు ఈడనే కూసొని నాతోటి తాగేటోడు. ఆయన పోయినంక నువ్వు ఒక్కపాలి రాలేదు. కుండ కోసం ఒకడు, కుండ కోసం ఇంకొకడు. నీ మనిషిని కానా నేను?"

హుంగేకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. "ఈ చెట్ల కింద ఆయనే కనబడతడురా. అందుకే రాలేదు."

లచ్చు దిగాడు. ఆకుదొప్పల్లో కల్లు వంచాడు. తాగుతూ హుంగే తిరుపతమ్మ కథంతా చెప్పింది, ఆ యజమానిని మళ్ళీ ఒకసారి తిట్టింది కూడా.

"మరి ఆ కొడుకేమైండు?"

"ఏమో. మధ్యల లేచొచ్చిన."

"చంపేసి ఉంటరు," అన్నాడు లచ్చు, నడుముకున్న కత్తి తీసి పక్కన పెడుతూ. "నాకెరుక. నువ్వొచ్చేదాకా నేనూ ఆ తోపులనే, ఆ కౌలుదార్లతోనే ఉన్న."

సొరబుర్ర నిండా పోసి ఆమె చేతికిచ్చాడు. "రేపు బస్సు కాడికి ఉంగ కోసం నేనే పోత అత్తా. నువ్వు ఎవర్నీ పంపకు."