మూడు రోజుల ట్రయల్

నాకు ముక్కు మీద కోపమని మా ఏర్పేడులో అందరికీ తెలుసు. కావలసిన రోజున ఆ పాడు కోపం ఎక్కడికి పోయిందో నాకే తెలియదు.

రెండు వేల మూడులో తిరుపతి బస్టాండు వెనక ఒక మేడ మీద ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీ ఉండేది. కంపెనీలకు కావలసిన మనుషులకు ఫోన్లు చేసి, ఇంటర్వ్యూలకు రప్పించే కోఆర్డినేటర్ కావాలని కబురొస్తే వెళ్లాను. డిగ్రీ అయి నాలుగేళ్లుగా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని మరి. మేనేజరు బాలసుబ్రమణ్యం నా గొంతు బాగుందన్నాడు. సోమవారం నుంచి మూడు రోజులు ట్రయల్, నచ్చితే ఆర్డరు అన్నాడు.

ఇంటికొచ్చి, రమ్మన్నారని మాత్రమే చెప్పాను. మా నాయన రాజారత్నానికి అది చాలు. ఆదివారం చర్చిలో లేచి, మా కృపామణికి ఉద్యోగమిచ్చిన దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెప్పేశాడు. మా సంఘంలో సాక్ష్యమంటే ఆషామాషీ కాదు. దేవుడి ముందు చెప్పిన మాట, వెనక్కి తీసుకోవడానికి ఉండదు. పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఇంకా ట్రయలే అని గొణిగాను. పాటల్లో ఎవరికి వినబడుతుంది? ఇక ఆ ఉద్యోగం వచ్చి తీరాలి. రాకపోతే మా నాయన దేవుడి ముందే అబద్ధమాడినవాడవుతాడు.

మూడు రోజులూ గొంతు పోయేలా ఫోన్లు చేశాను. సాయంత్రం బస్సు దిగేసరికి మా నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టాపింగులో నిలబడి ఉండేవాడు.

బుధవారం చివర్లో మేనేజరు ఇంకో దరఖాస్తు నా ముందు పెట్టాడు. కార్వేటినగరం అమ్మాయి, రేవతి. ఏ ఉద్యోగానికా అని చూస్తే, నాదే. ఇదేంటి సార్ అంటే, ఊరికే పోల్చి చూడ్డానికమ్మా, నీది దాదాపు ఖాయమే, పిలువు అన్నాడు. నన్నూ పోయిన వారం ఒక అమ్మాయే పిలిచింది. ఆమె ఏమైందో నేను ఒక్కసారైనా అడగలేదు. ఛీ, ఏం మనిషిని.

దరఖాస్తులో ఉన్నది వాళ్లింటి పక్క అంగడి నంబరు. ఎవరో కేకేస్తే రేవతి రొప్పుతూ వచ్చింది. రేపు తొమ్మిదికి రమ్మన్నాను.

"ఉద్యోగం వచ్చినట్టేనా అక్కా? మా నాయనకు చెప్పేదా?" అంది.

ఇప్పుడే చెప్పొద్దు అనడానికి ఎంతసేపు? మేనేజరు ఎదురుగా కూర్చుని నా నోటికేసే చూస్తున్నాడు.

"చెప్పమ్మా" అన్నాను.

మరునాడు నా కుర్చీలో రేవతి కూర్చుంది. సాయంత్రం దాకా నా చేతే ఆమెకు పని నేర్పించి, మీకు కబురు చేస్తామని నన్ను పంపేశాడు. ఆర్డరు ఊసే లేదు. అడిగితే, ఖాళీ వచ్చినప్పుడు చూద్దామన్నాడు. నోరున్నదాన్ని, సరే సార్ అని మెట్లు దిగాను.

కింద రేవతి వాళ్ల నాయన చిన్నబ్బ కూతురి కోసం కాచుకుని ఉన్నాడు. ఫోన్ చేసింది నేనేనని తెలిసి రెండు చేతులూ జోడించాడు. ఉన్నదంతా చెప్పేశాను. ఇక్కడ ఎవరికీ ఉద్యోగం లేదు పెద్దాయనా, మూడు రోజులకొకరి చేత ఊరికే పని చేయించుకుంటారు, మీ అమ్మాయిని తీసుకుపో అన్నాను.

ఆయన చేతులు దించేశాడు. కోపం కూడా తెచ్చుకోలేదు.

"నాయనకు చెప్పమన్నింది నువ్వే గదమ్మా. ఊరంతా చెప్పేసినాను. నీకు రాలేదని మా పాప నోటికాడి కూడు తీయబాక" అన్నాడు.

నిన్న నేనన్న మాటే ఆయన నమ్మాడు.

బస్సెక్కాను. ఏర్పేడు వచ్చింది. మా నాయన కిటికీల వెంట నన్ను వెతుక్కుంటున్నాడు. నేను దిగకుండా తల వంచుకుని, ముందున్న కాళహస్తికి టికెట్టు తీసుకున్నాను.